స్విచ్ ఆపి చూశారా?

కరెంటు పోతే సర్వర్ దానంతటదే పద్ధతిగా ఆగాలని పక్కన యూపీఎస్ పెట్టి, యూఎస్‌బీ కేబుల్ గుచ్చి, స్క్రీన్ మీద "బ్యాటరీ 100 శాతం" అని కనబడగానే పని అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. అవ్వలేదండీ. ఆ 100 చాలా చోట్ల యూపీఎస్ చెప్పిన అంకే కాదు, డ్రైవర్ (యూపీఎస్‌తో మాట్లాడే ప్రోగ్రామ్) వేసిన కాకిలెక్క.

ఎందుకంటే యూఎస్‌బీ ఉన్న యూపీఎస్‌లన్నీ ఒక జాతివి కావు. కొన్ని నిజంగా హెచ్ఐడీ పవర్ డివైస్ పద్ధతి (యూపీఎస్‌ల కోసం ఉన్న యూఎస్‌బీ ప్రమాణం) పాటిస్తాయి. చార్జ్ ఎంత, ఇంకెన్ని సెకన్లు నిలబడుతుంది అన్నది అవే చెబుతాయి. రెండో జాతి లోపల ఉన్నది పాత సీరియల్ భాషే. 2400 బాడ్ వేగంలో "క్యూ1" అని పంపితే ఒక్క వరుస తిరిగొస్తుంది: ఇన్‌పుట్ వోల్టేజీ, ఫాల్ట్ వోల్టేజీ, అవుట్‌పుట్ వోల్టేజీ, లోడ్ శాతం, ఫ్రీక్వెన్సీ, బ్యాటరీ వోల్టేజీ, టెంపరేచర్, చివర ఎనిమిది స్టేటస్ బిట్లు. అంతే. అందులో చార్జ్ శాతం లేదు, మిగిలిన నిమిషాలూ లేవు. యూఎస్‌బీ లిస్టులో 0665:5161 అనే గుర్తింపు అంకె కనిపిస్తే మీది దాదాపు ఈ జాతిదే. దానికి నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని (అందరూ నట్ అనేది దీన్నే) హెచ్ఐడీ డ్రైవర్ తగిలించి "డిటెక్ట్ కావట్లేదు" అంటే ఏం లాభం? ఆ పాత భాష తెలిసిన క్యూఎక్స్ డ్రైవర్ పెట్టాలి.

మరి ఆ 100 ఎక్కడిది? సరైన హద్దులు యూపీఎస్ చెప్పకపోతే, మీరూ ఇవ్వకపోతే, 12 వోల్టుల బ్యాటరీకి 10.4ని సున్నాగా, 13.0ని నిండుగా డ్రైవరే ఊహించుకుంటుంది. కరెంటు ఉన్నంతసేపూ చార్జర్ ఆ బ్యాటరీని 13.6 దగ్గర పట్టి ఉంచుతుంది. అంటే డ్రైవర్ చూస్తున్నది చార్జర్ వోల్టేజీని. బ్యాటరీ చచ్చి ఆర్నెల్లయినా మీకు కనిపించేది నిండు వందే. కరెంటు పోయిన మరుక్షణం లోడ్ పడి వోల్టేజీ జారుతుంది, వంద కాస్తా అరవై అవుతుంది, ఆ తర్వాత చీకటే.

దీనికి మందు రన్‌టైమ్‌కాల్ సెట్టింగ్. పూర్తి లోడ్‌లో ఎన్ని సెకన్లు, సగం లోడ్‌లో ఎన్ని సెకన్లు నిలబడుతుందో ఇస్తే (ఉదాహరణకు 240,100,720,50, అంటే 100 శాతం లోడ్‌లో 240 సెకన్లు, 50 శాతంలో 720) లెక్క కొంచెం మనిషి లెక్కలా ఉంటుంది. ఆ సెకన్లు బ్రోచర్ చూసి రాయకండి, గడియారం పెట్టి కొలవండి. కొన్ని ఆన్‌లైన్ యూపీఎస్‌లు మొత్తం బ్యాటరీది కాకుండా ఒక్క సెల్ వోల్టేజీ పంపుతాయి. 2.27 లాంటి అంకె కనిపిస్తే కంగారు పడకండి, బ్యాటరీ ప్యాక్స్ సంఖ్య సరిచేస్తే చాలు.

తర్వాతది లో బ్యాటరీ. నట్ మామూలుగా షట్‌డౌన్ మొదలుపెట్టేది "బ్యాటరీ మీద ఉన్నా" ప్లస్ "బ్యాటరీ అయిపోవచ్చింది" రెండూ వచ్చాకే. ఆ రెండో మాట కొన్ని యూపీఎస్‌లు ప్రాణం పోయే ముందు నిమిషంలో గానీ చెప్పవు. పది వర్చువల్ మెషీన్లు ఆపాల్సిన హోస్ట్‌కి ఆ నిమిషం ఏ మూలకి? ఇగ్నోర్‌ఎల్‌బీ (యూపీఎస్ చెప్పే లో బ్యాటరీ మాట పట్టించుకోవద్దనే సెట్టింగ్) పెట్టి, చార్జ్ లో హద్దు 40కో, రన్‌టైమ్ లో హద్దు 600 సెకన్లకో ఓవర్‌రైడ్ చేయండి. హద్దు మార్చి ఇగ్నోర్‌ఎల్‌బీ మరిచిపోతే, ఆ హద్దు కాగితం మీదే ఉండిపోతుంది.

ఇక అసలు గొడవ. షట్‌డౌన్ మొదలైంది, సగంలో ఉండగా కరెంటు వచ్చేసింది. మెషీన్ చక్కగా ఆగిపోయింది. యూపీఎస్ అవుట్‌పుట్ మాత్రం ఒక్కసారి కూడా పోలేదు. ఇప్పుడు ఆ సర్వర్‌ని ఎవరు లేపుతారు? ఎవరో వెళ్లి బటన్ నొక్కేదాకా అలా పడుండాల్సిందే. అందుకే కరెంటు వచ్చినా రాకపోయినా చివర్లో డ్రైవర్ యూపీఎస్‌కి "అవుట్‌పుట్ తీసెయ్, మళ్లీ ఇవ్వు" అని చెప్పి తీరాలి. తీసేముందు ఆగేది ఆఫ్‌డిలే, మళ్లీ ఇచ్చేముందు ఆగేది ఆన్‌డిలే. హెచ్ఐడీ డ్రైవర్‌లో ఇవి మామూలుగా 20, 30 సెకన్లు. ఆన్‌డిలే ఎప్పుడూ ఆఫ్‌డిలే కంటే పెద్దదిగా ఉండాలి. సర్వర్ బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) కరెంటు వస్తే ఏం చేయాలన్న దగ్గర "పవర్ ఆన్" అని పెట్టండి, "లాస్ట్ స్టేట్" కాదు. చివరి స్థితి ఏమిటి మరి? పద్ధతిగా ఆగిపోవడమే కదా!

ఒకే యూపీఎస్ మీద నాలుగు మెషీన్లుంటే ఇంకో మెలిక ఉంది. యూపీఎస్ కేబుల్ ఉన్న మెషీన్ ప్రైమరీ, దాని కబురు వినే మిగతావి సెకండరీలు. సెకండరీలు ప్రైమరీతో తెంచుకునేది షట్‌డౌన్ మొదలుపెట్టినప్పుడు, పూర్తయ్యాక కాదు. "అందరూ వెళ్లిపోయారు" అనుకుని ప్రైమరీ తన దారి తాను చూసుకుంటుంది. అటు డేటాబేస్ ఇంకా డిస్క్ మీద రాస్తూనే ఉంటుంది. అన్నిటికంటే నిదానంగా ఆగే మెషీన్ ఎంతసేపు తీసుకుంటుందో కొలిచి, ప్రైమరీలో ఫైనల్‌డిలే (తాను ఆగేముందు వేచి ఉండే సెకన్లు), ఆఫ్‌డిలే కలిపి అంతకు మించేలా పెట్టండి. ఈ కబురంతా 3493 పోర్టులో నెట్‌వర్క్ మీదే వెళ్తుంది కాబట్టి మధ్యలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్ (మెషీన్లను కలిపే పెట్టె) కూడా యూపీఎస్ మీదే ఉండాలి. గోడ ప్లగ్గుకి పెట్టిన స్విచ్ కరెంటుతో పాటే పోతుంది, కబురు చేరదు.

ఒక వరుస చదవడానికి వందల ఎంబీల సాఫ్ట్‌వేర్, అందులో ఓ వెబ్ సర్వర్, ఇచ్చే తయారీదారులకు దండం. ప్రోటోకాల్ మాత్రం దాచిపెడతారు. కొనేముందే నట్ హార్డ్‌వేర్ జాబితాలో మోడల్ చూసుకోండి. అన్నట్టు, సీరియల్ పోర్టున్న పాత ఏపీసీ స్మార్ట్ యూపీఎస్‌కి మామూలు సీరియల్ కేబుల్ గుచ్చకండి, గుచ్చగానే యూపీఎస్ ఆగిపోవచ్చు. పిన్నుల అమరిక వేరు, దాని కేబుల్ దానికే.

ఇప్పుడు పరీక్ష. ప్లగ్ పీకకండి, పీకితే ఎర్త్ కూడా పోతుంది. గోడ దగ్గర స్విచ్‌గానీ, ఎంసీబీగానీ ఆపండి. మొదటిసారి సర్వర్‌ని గోడ ప్లగ్గుకి మార్చి, యూపీఎస్ మీద ఒక బల్బు మాత్రం పెట్టండి. స్విచ్ ఆపగానే కొన్ని సెకన్లలో స్టేటస్ ఓఎల్ (కరెంటు మీద) నుంచి ఓబీకి (బ్యాటరీ మీద) మారాలి. మారకుండా "డేటా స్టేల్" (యూపీఎస్ నుంచి తాజా కబురు లేదు) అని వస్తే కేబుల్, యూఎస్‌బీ పోర్టు, డ్రైవర్‌కి యూడెవ్ (లినక్స్‌లో పరికరాల అనుమతులు చూసేది) ఇచ్చిన పర్మిషన్ చూడండి. బ్యాటరీ మీద ఉండగా మాట పడిపోతే యూపీఎస్‌మాన్ (షట్‌డౌన్ నిర్ణయించే నట్ భాగం) ఆ యూపీఎస్ చచ్చిందనే అనుకుని షట్‌డౌన్ మొదలెట్టేస్తుంది. తర్వాత స్విచ్ మళ్లీ వేసి, కరెంటు ఉండగానే, ఎఫ్‌ఎస్‌డీ (బలవంతపు షట్‌డౌన్ ఆజ్ఞ) ఇవ్వండి. సర్వర్ ఆగాలి, బల్బు ఆరాలి, ఆన్‌డిలే గడిచాక బల్బు దానంతటదే వెలగాలి. సర్వర్ ఆగినా బల్బు ఆరకపోతే, చివర్లో "అవుట్‌పుట్ తీసెయ్" అని చెప్పించే కిల్‌పవర్ స్క్రిప్ట్ నడుస్తోందో లేదో ముందు చూడండి.

ఇవన్నీ కుదిరాక అసలు లోడ్ పెట్టి, స్విచ్ ఆపి, గడియారం చూడండి. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ రన్‌టైమ్‌కాల్ అంకెలు మళ్లీ కొలవాల్సిందే, పాత బ్యాటరీ సెకన్లు కొత్తదానికి పనికిరావు.