కోత పడేది ఎప్పుడూ పోప్ మీదే

బ్రిటన్‌లో తీసిన చరిత్ర, మత కార్యక్రమాలను అమెరికా టీవీకి ఇచ్చేటప్పుడు కోసి, వివరణ కలిపి ఇవ్వాలా, ఉన్నదున్నట్టు వెయ్యాలా? ఇటు ఒక ఎడిటర్, అటు ఒక చరిత్ర మాస్టారు.

ఎడిటర్: మాస్టారూ, ముందు లెక్క చూడండి. బీబీసీలో యాడ్స్ ఉండవు. గంట కార్యక్రమం అంటే 58, 59 నిమిషాలు. అమెరికాలో యాడ్స్ వేసే కేబుల్ చానల్ గంటలో అసలు కార్యక్రమానికి మిగిలేది 42 నుంచి 44. ఆ పావుగంట ఎక్కణ్ణుంచి తియ్యమంటారు?

మాస్టారు: తియ్యక తప్పదంటే తియ్యండి. ఏది తీస్తున్నారన్నదే నా పేచీ. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ సంగతే చూడండి. అతని భార్య కేథరిన్ మొదట అతని అన్న ఆర్థర్ భార్య. ఆర్థర్ 1502లో పోయాడు. వదినను చేసుకోవడానికి పోప్ రెండో జూలియస్ ప్రత్యేక అనుమతి ఇచ్చాడు. తర్వాతెప్పుడో హెన్రీ అడిగింది మనం అనుకునే విడాకులు కాదు. ఆ అనుమతే చెల్లదు, కాబట్టి అసలు పెళ్లే జరగలేదని తేల్చమన్నాడు. అన్నదమ్ముల భార్యను చేసుకోకూడదనే బైబిల్ భాగం, లేవీయకాండం చూపించాడు. అప్పటి పోప్ ఏడో క్లెమెంట్ ఎలా ఒప్పుకుంటాడండీ? 1527లో రోమ్‌ను దోచింది ఐదో చార్లెస్ చక్రవర్తి సైన్యం. ఆ చార్లెస్ ఎవరు? కేథరిన్ అక్క కొడుకు! ఇదంతా చెప్పడానికి మూడు నిమిషాలు చాలు. మీ కత్తెర ముందు పడేది ఆ మూడింటి మీదే. ఇక మిగిలేది మోజుపడ్డ రాజు, మొండి పోప్.

ఎడిటర్: అక్కడ తెర మీద ఓ ప్రొఫెసర్ కూర్చుని మాట్లాడుతుంటాడు, అందుకు పడుతుంది. యాడ్ అయ్యాక తిరిగొచ్చినవాడు దానికి ఆగడు. పైగా ‘నాన్‌కన్ఫర్మిస్ట్’ అంటే, ఇంగ్లండ్ అధికారిక చర్చిలో చేరని ప్రొటెస్టెంట్ అని, ఒహాయోలో ఎంతమందికి తెలుసు? ఆ అధికారిక చర్చినే ఆంగ్లికన్ అంటారు, అమెరికాలో దాని బంధువు పేరు ఎపిస్కోపల్. ఒక్కో మాటకీ ఓ వాక్యం కలపాలి, ఆ సెకన్లు కూడా మళ్లీ ఆ 42లోంచే.

మాస్టారు: వివరణ వద్దనలేదు, కార్యక్రమం లోపల కుక్కొద్దంటున్నా. 1971లో బోస్టన్ స్టేషన్ డబ్ల్యూజీబీహెచ్, బ్రిటన్ నాటకాలు చూపించే ‘మాస్టర్‌పీస్ థియేటర్’ మొదలుపెట్టింది. వ్యాఖ్యాత అలిస్టర్ కుక్ కుర్చీలో కూర్చుని ముందు నాలుగు మాటలు చెప్పేవాడు, 1992 దాకా.

ఎడిటర్: అప్పటి బీబీసీ ఎపిసోడ్ 50 నిమిషాల చేరువలో ఉండేది, అది వచ్చిన అమెరికా పబ్లిక్ టీవీ పీబీఎస్‌లో యాడ్స్ గొడవ లేదు. ఖాళీ మిగిలింది, కుర్చీ వేశారు. అయినా ‘ఉన్నదున్నట్టు’ అనేదెక్కడుంది మాస్టారూ? బ్రిటన్ బొమ్మ సెకనుకి 25 ఫ్రేములు, అమెరికాది 29.97. మధ్యలో ఫ్రేములు కలిపి సర్దితే కెమెరా చర్చి పైకప్పు మీదుగా నెమ్మదిగా జరిగే చోట కమానులు వణుకుతాయి. అలా కాదని 24కి తగ్గించి నడిపితే 50 నిమిషాలది 52 అవుతుంది, గాయక బృందం శ్రుతి దాదాపు అర స్వరం కిందికి జారుతుంది. ఆర్గాన్‌కి జలుబు చేసినట్టుంటుంది.

మాస్టారు: శ్రుతి జారితే సరిచెయ్యడానికి మీ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉంది. వంశవృక్షం జారితే? అమెరికా చానల్ షోటైమ్ వాళ్ల ‘ది ట్యూడర్స్’ సీరియల్‌లో హెన్రీ చెల్లెలూ అక్కా ఒకే మనిషయ్యారు. మార్గరెట్ అని పేరు పెట్టి పోర్చుగల్ రాజుకిచ్చి చేశారు. అసలు మార్గరెట్ 1503లో వెళ్లింది స్కాట్లండ్ రాజు ఇంటికి. ఆమె మునిమనవడే 1603లో ఇంగ్లండ్ సింహాసనం ఎక్కిన జేమ్స్. 1611 నాటి బైబిల్‌కి అతని పేరే ఉంది, అమెరికాలో ఇప్పటికీ ఎన్నో చర్చిల్లో చదివేది అదే. చూసేవాడి చేతిలో ఉన్న పుస్తకానికే దారి తెగిపోయింది కదండీ!

ఎడిటర్: అది కొత్తగా తీసిన నాటకం, నా కత్తెర పని కాదు. సరే, మీ వైపు నుంచే అడుగుతా. 1977లో బీబీసీ ‘ది లాంగ్ సెర్చ్’ అని 13 భాగాలు తీసింది, ప్రపంచ మతాల మీద. హిందూ మతం భాగానికి పేరు 33 కోట్ల దేవతలు. మనకది నానుడి, అక్కడివాడికి జనాభా లెక్క. వివరణ లేకుండా వదిలెయ్యమంటారా?

మాస్టారు: ... అక్కడ ఓ మాట చెప్పాలి, నిజమే. అదైనా దేవతల్ని తీసేసి కాదుగా.

ఎడిటర్: మీ క్లెమెంట్ మూడు నిమిషాలూ ఉంచితే, హెన్రీ ప్యాలెస్ హాంప్టన్ కోర్ట్ మీద డ్రోన్ షాట్లు మొత్తం ఎగిరిపోతాయి మరి.

మాస్టారు: ఎగిరిపోనివ్వండి.