భద్రకాళి చెరువును హార్బర్ చేద్దాం

మా అక్క కొడుకు సిడ్నీలో ఉంటాడు. మొన్న ఆదివారం వీడియో కాల్ చేసి "మామా, గీ క్రేన్ చూడు, ఎట్ల తుప్పు పట్టిందో" అని ఒకటే మురిసిపోవడం. అక్కడి హార్బర్‌లో కాకటూ ఐలాండ్ అని ఓ దీవి. 1839లో దాని మీద ఖైదీల జైలు పెట్టారు, వాళ్లతోనే రాయి తొలిపించి ఓడలు బాగుచేసే డాక్ కట్టించారు, 1990ల మొదట్లో డాక్ మూసేశారు. మూశాక ఏం చేయాలో పాపం తోచలేదు కాబోలు, కొన్ని తీసేసినా, మిగిలిన క్రేన్లు, షెడ్లు, సొరంగం అట్లాగే వదిలేశారు. ఖైదీల చరిత్ర ఉందని 2010లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది. జనం ఫెర్రీ టికెట్ కొనుక్కొని పోయి, డబ్బు కట్టి టెంట్లలో పడుకుని మరీ చూస్తున్నారట.

ఎంత వెనకబడిన ఊరు!

మన వరంగల్ అట్లా కాదు. 1934లో నిజాం కొడుకు పేరు మీద పెట్టిన ఆజంజాహీ బట్టల మిల్లు 2002లో మూతపడితే, తుప్పుకు సందే ఇవ్వలేదు. యంత్రాలు పోయాయి, షెడ్లు పోయాయి, జాగలో ప్లాట్లు లేచాయి. మరి బట్టల మిల్లో అంటారా, ఉన్నది పోగొట్టుకున్నాక 2017లో గీసుగొండ వైపు కొత్త టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసుకున్నాంగా.

పోయిన ఏడు పిల్లగాడు వచ్చినప్పుడు తాత పనిచేసిన మిల్లు చూస్తానన్నాడు. తీసుకుపోయాను. "ఏడుంది మామా?" అన్నాడు. "నువ్వు నిలబడ్డదే నూలు వడికే స్పిన్నింగ్ షెడ్డు, ఆ కారు పెట్టిన కాడ గేటు" అన్నాను. అవతల టీ కొట్టు దగ్గర కూర్చున్న పెద్దమనిషి, ఆయనా పాత కార్మికుడే, గేటు అక్కడ కాదని లేచొచ్చి వాదన పెట్టుకున్నాడు. సైరన్ ఎన్ని గంటలకు మోగేదో కూడా ఇద్దరికీ కుదరలేదు (మా అమ్మ ఆ కూత విని ఎసరు పెట్టేది, అదొక్కటే నాకు గ్యారంటీగా తెలుసు). పాడుబడ్డ ఫ్యాక్టరీని ఎవరైనా చూపిస్తారు, లేని ఫ్యాక్టరీని గంటన్నర చూపించడం మాత్రం మా వల్లే అవుతుంది.

బాగా ఆలోచిస్తే లోపం ఎక్కడుందో తెలిసింది. మనకు హార్బర్ లేదు. నీళ్ల ఒడ్డున ఉంటే తుప్పు వారసత్వం, ఒడ్డు లేకపోతే పాత ఇనుప సామాను. 2024 చివర్లో పూడిక తీయడానికి భద్రకాళి చెరువు ఖాళీ చేసినప్పుడే ఇంకో నాలుగు గజాలు లోతు తవ్వి ఉంటే ఓడలు వచ్చేవి. ఇప్పటికైనా తవ్వుదాం. ఒడ్డున చిమ్నీ ఒకటి కొత్తది కట్టిద్దాం. తుప్పుకు మాత్రం సిడ్నీ వాళ్లను టెండరు వేయమనాలి, మన దగ్గర స్టాకు లేదు.