ఉద్యోగం ఊడిన ఇయర్ ప్లగ్స్‌కి ఉత్తరం

మహారాజశ్రీ పసుపుపచ్చ ఇయర్ ప్లగ్ జంట గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. నేనిక్కడ క్షేమం. నా చెవులు కూడా, ఆ మధ్య ఈఎన్‌టీ డాక్టరమ్మ ఏదో గ్రాఫు గీసి చూపించి "మీరు ఫ్యాక్టరీలో పనిచేశారా?" అని అడిగింది గానీ, మొత్తమ్మీద క్షేమమే. బీరువా పై అరలో, పాత బిస్కెట్ల డబ్బాలో, తెగిన వాచీ బెల్టుకీ పనికిరాని నోకియా చార్జరుకీ మధ్య మీరెలా ఉన్నారో కనుక్కుందామని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను. పనిపడితే తప్ప ఉత్తరం రాయని మనిషినని మీకు తెలుసు. ఆ పనేమిటో చివర్లో చెప్తాను.

మన పరిచయం 2011 అక్టోబరు 30న, గ్రేటర్ నోయిడాలో. బుద్ధ్ సర్క్యూట్‌లో ఇండియా మొట్టమొదటి ఫార్ములా వన్ రేసు. ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో సైడ్ అప్పర్ బెర్తు మీద ముడుచుకుని వెళ్లాను. నెల జీతంలో సగం టికెట్టుకే పోయింది. ఆ శుక్రవారం ప్రాక్టీసులో ఒక వీధికుక్క టికెట్టు లేకుండా ట్రాక్ మీదకే వచ్చి, ఎర్రజెండా ఊపించి మరీ వెళ్లింది. నాకు మాత్రం గ్యాలరీ చివరి వరసలో చోటు. గేటు బయట ఒక కుర్రాడు అట్టపెట్టె మెడకి తగిలించుకుని మిమ్మల్ని అమ్ముతున్నాడు. "లేలో భయ్యా, కాన్ ఫట్ జాయేగా" అన్నాడు. వాడన్నది నిజమేనని డాక్టరమ్మ గ్రాఫు చూశాక తెలిసింది.

మిమ్మల్ని వేళ్ల మధ్య సన్నగా, చుట్టకాడలా నలిపి, తల వెనక నుంచి చెయ్యి తిప్పి చెవిని పైకి లాగి లోపలికి దోపడం, మీరు మెల్లగా ఉబ్బుకుంటూ సర్దుకునేదాకా వేలితో అదిమి పట్టుకోవడం, అదంతా పక్క సీటాయన నేర్పాడు. చెన్నై నుంచి వచ్చాడట. "స్టార్టప్పుడు మాత్రం తీసెయ్యండి, లేకపోతే వచ్చీ దండగ" అన్నాడు. తీసేశాను.

ఐదు ఎర్రదీపాలు ఆరాయి. 24 కార్లు. ఏం చెప్పను! చేతిలోని సీసాలో నీళ్లు వణికాయి. దంతాల సందులో ఇరుక్కున్న పల్లీ ముక్క కదిలింది. శబ్దం చెవుల్లోకి రాలేదు, పక్కటెముకల్లోంచి దూరింది. ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు. ఆ రేసు 60 ల్యాపులు. అందులో ఒక ల్యాపు నేను విన్నాను, మిగతా 59 మీ దయ. వెట్టెల్ అనే డ్రైవర్ గెలిచాడని కూడా పెద్ద తెర మీద చూసి తెలుసుకున్నాను.

అయితే హైదరాబాద్ తిరిగొచ్చి ఆఫీసులో ఏం చెప్పానో మీకు తెలియదు, బ్యాగు అడుగున ఉన్నారు. "రేసంటే సౌండు బాస్! ఆ సౌండు లేకపోతే అది ఇంజినే కాదు" అని క్యాంటీన్ బల్ల గుద్ది చెప్పాను. మీ ప్రస్తావన తేలేదు. పెళ్లి భోజనం బాగుందని చెప్పేవాడు జీర్ణం మాత్ర సంగతి చెప్పడు కదా.

తర్వాత మూడేళ్లకే ఇండియా రేసు పోయింది. అది క్రీడ కాదు, వినోదం, కాబట్టి వినోదపు పన్ను కట్టాల్సిందేనని యూపీ ప్రభుత్వం పట్టుబట్టింది, 2013తో సరి. (క్రీడా కాని, వినోదమూ కాని రేసులు నేను బోలెడు చూశాను. వాటికి ఏ పన్ను వెయ్యాలో ఎవరూ తేల్చలేదు.) అయినా మీరు కంగారు పడలేదు. ఇండియాలో కాకపోతే సింగపూర్, మలేషియా ఉన్నాయి, ఎప్పటికైనా తీసుకెళ్తాడులే అనుకుని ఉంటారు. అంతలో 2014 వచ్చి మీ పొట్ట కొట్టింది.

2014 మార్చి 16, ఆదివారం, మెల్‌బోర్న్. మన టైములో పదకొండున్నర. టీవీ ముందు కూర్చున్నాను. కార్లు కదిలాయి. శబ్దం రాలేదు. అంటే వచ్చింది, కానీ వంటింట్లో పప్పు కుక్కర్ మూడో ఈల వేస్తే అదే గట్టిగా వినిపించింది. రిమోట్ తీసుకుని వాల్యూమ్ పెంచాను. మా ఆవిడ వచ్చి తగ్గించింది. మళ్లీ పెంచాను. "ఏం చూస్తున్నారు, మిక్సీ ప్రకటనా?" అంది. ఆ ఒక్కమాటతో నేను కూడా ప్రపంచ ఉద్యమంలో చేరిపోయాను.

ఇంజిన్ మారింది మరి. 2.4 లీటర్ల వీ8 పోయి, 1.6 లీటర్ల వీ6 టర్బో వచ్చింది, దానికి తోడు రెండు కరెంటు మోటార్లు. లెక్క మీకు చెప్పాలి, మీ ఉద్యోగం పోయింది దానివల్లే. పాత వీ8 నిమిషానికి 18,000 చుట్లు తిరిగేది. ఎనిమిది సిలిండర్లు, రెండు చుట్లకోసారి ఒక్కో సిలిండర్ పేలుతుంది. అంటే క్షణానికి 1,200 పేలుళ్లు. కొత్త వీ6ని 15,000 దాకా తిప్పుకోవచ్చని నిబంధనల్లో ఉన్నా, 10,500 దాటాక గంటకి 100 కిలోలకి మించి ఇంధనం పొయ్యనిచ్చేవారు కాదు, కాబట్టి 12,000 దగ్గరే ఆపుకునేవారు. ఆరు సిలిండర్లు, క్షణానికి 600 పేలుళ్లు. సరిగ్గా సగం. సంగీతం వచ్చినవాళ్లని అడగండి, సగమంటే స్వరం అదే, స్థాయి ఒకటి దిగింది. తారస్థాయి షడ్జమం మధ్యస్థాయి షడ్జమం అయింది, అంతే. అపస్వరం కాదు. కానీ ప్రపంచమంతా శ్రాద్ధం పెట్టినట్టు ఏడ్చాం.

పైగా టర్బో వచ్చి పొగగొట్టం దారిలో కూర్చుంది. బయటికి పోయే వేడిగాలితో చక్రం తిప్పుకుని, దానికి కట్టిన మోటారుతో కరెంటు పుట్టించేది. అంటే మనం చెవుల్లో పోయించుకునే శక్తిని బ్యాటరీలో పోసేది. ఆ ఏడాది రేసు మొత్తానికి 100 కిలోల ఇంధనం, ఇంకో చుక్క లేదు. కొన్నేళ్లు తిరిగేసరికి, పెట్రోల్‌లో ఉన్న శక్తిలో సగానికి పైగా పనిలోకి తెచ్చామని మెర్సిడెస్ వాళ్లు లెక్క చూపించారు. మీరూ నేనూ పారవశ్యంతో విన్నదంతా వృథాగా పోయిన పెట్రోల్ మోత అన్నమాట. ఈ సంగతి తెలిసి కూడా ఒప్పుకోలేదు. ఇంట్లో కుళాయి కారితే నిద్రపట్టని మనిషిని నేను.

గోల నా ఒక్కడిది కాదు. ఫార్ములా వన్ పెద్దాయన బెర్నీ ఎకల్‌స్టన్ మొదటి రేసు కాకముందు నుంచే ఈ ఇంజిన్‌ని తిట్టిపోశాడు. తన దుకాణంలో సరుకుని తనే గుమ్మంలో నిలబడి తిట్టే వ్యాపారిని అప్పుడే చూశాను. మెల్‌బోర్న్ నిర్వాహకులైతే, జనం డబ్బులిచ్చింది మోత వినడానికి, ఇదేం సరుకని అడిగారు. వెట్టెల్ అన్నమాట ఇక్కడ రాయను, ఇంట్లో పిల్లలు చదువుతారు. వరసగా నాలుగు టైటిళ్లు గెలిచినవాడు అప్పుడే వెనకబడ్డాడని, ఆ కోపం శబ్దం మీద తీర్చుకున్నాడని నా అనుమానం. మనకి మాత్రం ఏం తక్కువ? ఆ రోజు మెల్‌బోర్న్‌లో రెండోస్థానంలో వచ్చిన రికియార్డోని ఇంధనం ధార ఎక్కువైందని తీసేశారు. మా ఊరి కుళాయి దగ్గర బిందె తగవులా ఉంది, రేసింగ్ ఎక్కడుంది అని నేనూ పోస్టు పెట్టాను. లైకులొచ్చాయి.

ఆ లైకుల ఒత్తిడికి మెర్సిడెస్ వాళ్లు మే నెలలో బార్సిలోనా టెస్టుకి కారు వెనక ఒక పెద్ద గొట్టం బిగించి తెచ్చారు. సన్నాయి కొసన ఉంటుందే, గరాటు, అచ్చం అది. కోట్ల ఖరీదు కారు సన్నాయి తగిలించుకుని పెళ్లివారిలా ట్రాక్ మీద ఊరేగింది. శబ్దం ఎంత పెరిగింది? పెద్దగా ఏమీ పెరగలేదు. మేం పడీపడీ నవ్వాం. ఓ పక్క శబ్దం కావాలంటాం, తెచ్చిస్తే నవ్వుతాం. తర్వాత 2016లో నిబంధనే మార్చి అదనపు పొగగొట్టాలు పెట్టించారు. కాస్త గొంతు పెగిలింది, మీకు ఉద్యోగం తిరిగొచ్చేంత మాత్రం కాదు.

మీతో ఒక రహస్యం చెప్తాను, బయట చెప్పకండి. మేం ఏడ్చింది వీ8 కోసం కాదు. 2006లో అదే వీ8 వచ్చినప్పుడు, 'వీ10 పాట ముందు ఇదేం గొణుగుడు' అని మా సీనియర్లు పెదవి విరిచారు. అంతకుముందు 1977లో సిల్వర్‌స్టోన్‌కి రెనో వాళ్లు ఒకటిన్నర లీటర్ల టర్బో వీ6 తెస్తే, మాటిమాటికీ పొగలు కక్కుతోందని 'పసుపుపచ్చ టీపాట్' అని పేరు పెట్టారు. అది మీ రంగే. పదేళ్లు తిరిగేసరికి అలాంటి టర్బో వీ6తోనే 1988లో మెక్లారెన్ జట్టు 16 రేసుల్లో 15 గెలిచింది. ఆ ఏడాది టర్బో కార్లకి రేసుకి 150 లీటర్లే. ఆ జట్టు డ్రైవర్లు సెన్నా, ప్రోస్ట్ కూడా ఇంధనం లెక్కపెట్టుకుంటూ నడిపినవాళ్లే. ఇప్పుడు మా వాట్సాప్ గ్రూపులో ప్రతి శుక్రవారం ఎవడో ఒకడు ఆ ఎరుపు తెలుపు కారు బొమ్మ పెట్టి 'అదీ రేసింగ్ అంటే' అని రాస్తాడు. చిన్న వీ6, టర్బో, ఇంధనం పొదుపు. 2014లో మేం తిట్టిన మూడూ అందులో ఉన్నాయి. నేను ఆ మాట అన్నందుకు గ్రూపులో నన్ను మూడు రోజులు పలకరించలేదు.

మా గోల అన్నిసార్లూ తప్పని అనను. 2014 చివరి రేసుకి రెట్టింపు పాయింట్లన్నారు చూడండి, పదో తరగతి పరీక్షల్లో ఆఖరి పేపరుకి రెండు వందల మార్కులన్నట్టు. గోల చేశాం, మరుసటేడు తీసేశారు. 2016లో, రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫైయింగ్‌లో తొంభై సెకన్లకొకణ్ణి ఇంటికి పంపే పద్ధతి పెట్టారు. ఆఖరి నిమిషాల్లో ట్రాక్ మీద ఒక్క కారూ లేదు. రెండు రేసులకే చాప చుట్టేశారు. ఆ రెండింటికీ మా గోల న్యాయమైనదే.

కానీ హేలో సంగతి తలుచుకుంటే మాత్రం తల దించుకుంటాను. 2018లో డ్రైవరు తల చుట్టూ ఆ లోహపు కమ్మీ పెడితే హవాయి చెప్పు పట్టీ అన్నాం, కారు అందం చెడిందన్నాం. 2020 నవంబరు 29, బహ్రెయిన్. గ్రోజాన్ అనే డ్రైవర్ కారు ఇనుప గోడని చీల్చుకుని అందులో దూరి, రెండు ముక్కలై అంటుకుంది. 28 సెకన్లు మంటల్లో ఉన్నాడు. కమ్మీ అడ్డు లేకపోతే తల ఉండేది కాదు. ఒకప్పుడు హేలో వద్దన్నవాళ్లలో తనూ ఉన్నానని ఆస్పత్రి మంచం మీంచి ఆయనే చెప్పాడు. ఆ రాత్రి నా పాత పోస్టు వెతికి చెరిపేశాను. ఎవరూ చూడకముందే అనుకున్నాను గానీ, మా బావమరిది స్క్రీన్ షాట్ తీసి పెట్టుకున్నాడు.

ఇక మీ అవమానం దగ్గరికొస్తాను. 2023 ఫిబ్రవరి 11. రేసు మన ఊరికే వచ్చింది, హుస్సేన్ సాగర్ ఒడ్డుకి, ఫార్ములా ఈ. పూర్తిగా కరెంటు కార్లు. అలవాటు కొద్దీ మీ డబ్బా జేబులో వేసుకుని, మా చిన్నదాన్ని వెంటబెట్టుకుని బయల్దేరాను. నాలుగు మెట్రో స్టేషన్ల దూరం వెళ్లి ప్రపంచ స్థాయి రేసు చూడటమా అని నా ఛాతీ ఉబ్బింది. కార్లు వచ్చాయి. స్స్స్... అంటూ వెళ్లిపోయాయి. టైర్ల చప్పుడు, గేర్ల కీచు, అంతే. వెనక వరసలో ఎవరో సమోసా కాగితం విప్పితే అది వినిపించింది. చిన్నది చెవులు మూసుకుంది. "కార్లకా అమ్మా?" అని ఆశగా అడిగాను. "కాదు నాన్నా, ఆ స్పీకర్లకి" అంది. నిజమే, పాటలూ వ్యాఖ్యానమూ చెవులు చిల్లులు పడేట్టు మోగుతున్నాయి. మిమ్మల్ని తీసి దాని చెవుల్లో పెట్టాను. వెర్న్ అనే ఫ్రెంచి డ్రైవర్ గెలిచాడు. అది చప్పట్లు కొట్టింది. దాని జీవితంలో మొదటి రేసు అదే, రేసంటే దానికి అలాగే ఉంటుంది. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం మారింది, మరుసటేడు ఆ రేసూ రద్దయింది. ఇంకో ఇరవై ఏళ్లకి అది కూడా 'ఆ రోజుల్లో నెక్లెస్ రోడ్ మీద ఆ స్స్స్ ఉండేది చూడండీ' అని బల్ల గుద్దుతుందని నా పందెం.

మీ ఆశలు రేపడం ఇష్టం లేదు గానీ వార్త చెప్పకపోతే తప్పు. 2026 నిబంధనల్లో టర్బోకి కట్టిన ఆ మోటారు తీసేశారు. అయితే దాదాపు సగం శక్తి కరెంటు నుంచే. అంతకుముందే, 2025లో, వీ10 మళ్లీ తెస్తే ఎలా ఉంటుందని ఈ రేసులకి నిబంధనలు పెట్టే ఎఫ్ఐఏ సంస్థ అధ్యక్షుడు బిన్ సులాయెం అన్నాడు. తర్వాత ఆ మాట వీ8కి దిగింది. మా గ్రూపులో పండగ చేసుకున్నారు. అందరికీ నలభై దాటింది. ఇద్దరికి వినికిడి మిషన్లు.

ఇప్పుడు అసలు పని. మా కింది పోర్షన్లో కొత్తగా ఒక కుర్రాడు దిగాడు. బుల్లెట్‌కి కంపెనీ సైలెన్సర్ పీకేసి ఏదో గొట్టం బిగించాడు. రాత్రి పదకొండున్నరకి వస్తాడు, వచ్చాక కూడా రెండు నిమిషాలు ఎక్సలరేటర్ తిప్పుతూ నిలబడతాడు. మొన్న లుంగీ మీదే కిందకి దిగి, పోలీసులు ఇలాంటి సైలెన్సర్లని రోడ్డు రోలర్ కింద తొక్కిస్తున్నారు తెలుసా అని నిలదీశాను. వాడు నిదానంగా హెల్మెట్ తీసి, "అంకుల్, ఆ సౌండు లేకపోతే అది ఇంజినే కాదు" అన్నాడు.

మాట రాలేదు. పైకొచ్చి డబ్బా తీశాను. కుడి గారు ఒక్కరే ఉన్నారు. నెక్లెస్ రోడ్ నుంచి వచ్చేటప్పుడు చిన్నదాని చెవిలోంచి ఎడమ గారు ఎక్కడో జారిపోయి ఉంటారు. ఇంతకాలం చూసుకోలేదు, పని పడలేదు గనక. కాబట్టి ఈ ఉత్తరంలో మిగతా భాగం ఎడమ గారికి మాత్రమే:

ఎక్కడ ఉన్నా వెంటనే ఇంటికి రండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. కుడి గారు మీ మీద బెంగతో గట్టిపడిపోయారు. దారి ఖర్చులు ఇవ్వబడును. రాత్రి పదకొండున్నర లోపు వస్తే మరీ మంచిది.

ఇట్లు,
ఒక చెవి మూసుకుని రాస్తున్న
మీ పాత యజమాని