పరీక్ష ముందురాత్రి గారికి ఒక సీనియర్ విన్నపం

మహారాజశ్రీ పరీక్ష ముందురాత్రి గారి దివ్యసముఖమునకు,

ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతూ, మొదటి రెండేళ్ల విద్యార్థులకు లెక్కలలోనూ మెకానిక్స్‌లోనూ తోడుగా ఉండడానికి కాలేజీ సహాయ కేంద్రంలో నియమితుడైన ఒక సీనియర్ నమస్కరించి వ్రాసుకొను విన్నపము. తమ క్షేమసమాచారాలు వేరుగా అడగవలసిన అవసరం మాకు లేదు. సెమిస్టర్ చివర తమరు విచ్చేసినప్పుడల్లా హాస్టల్ వరండాలలో దీపాలు ఆరకపోవడం, నెలల తరబడి పలకరించుకోని ఇద్దరు ఒకే నోట్సు మీద తలలు వంచి కూర్చోవడం, టాపర్ ఉన్న గదిలో నిలబడడానికైనా చోటు దొరకకపోవడం మేము కళ్లారా చూస్తూనే ఉన్నాము.

తమకు బడ్జెట్ లేదు. సమన్వయకర్త లేడు. గోడలకు పోస్టర్లు అంటించిన పాపాన పోలేదు, చివర అభిప్రాయ పత్రం నింపమని ఎవరినీ బతిమాలలేదు. అయినా తోటివారు తోటివారికి చదువు చెప్పుకొనే విషయంలో తమకు వచ్చేంత హాజరు మరే సంస్థకూ రాదు. మా సహాయ కేంద్రానికి పైన చెప్పినవన్నీ ఉన్నాయి. వాటికి తోడు ఒక తెల్లబల్లా, నాలుగు రంగుల మార్కర్లూ ఉన్నాయి. ఎరుపు రంగు మార్కరుకు ఇంతవరకు మూత తీసే సందర్భం రాలేదు. ఈ లేఖలో అసూయ ధ్వనిస్తే అది తమ భ్రమ కాదని ముందే మనవి చేస్తున్నాను.

తమ బోధనా పద్ధతిని దగ్గర నుంచి పరిశీలించే భాగ్యం నాకు పలుమార్లు కలిగింది. తమ సన్నిధిలో ఎవరూ ప్రశ్న అడగరు, యూనిట్ అడుగుతారు. "మూడో యూనిట్ ఒక్కసారి చెప్పెయ్" అన్న ఒక్క మాటతో, అధ్యాపకుడు వారాల తరబడి చెప్పి కూడా పూర్తయిందని తృప్తి పడని విషయాన్ని అరగంటలో అప్పగించమని కోరతారు. వాట్సాప్ గ్రూపులో వంకరగా ఫొటో తీసిన పేజీలు ఒకదాని వెంట ఒకటి దిగుతాయి. సరిగ్గా కావలసిన సమీకరణం మీదే ఫొటో తీసినవాడి బొటనవేలు ఉంటుంది. "ఇవి చూసుకుంటే పాస్" అన్న ప్రశ్నల జాబితా ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు కాని, దాని ప్రామాణికతను శంకించినవాడితో తెల్లవారేదాకా ఎవరూ మాట్లాడరు.

ఒకసారి తమ సముఖంలో థర్మోడైనమిక్స్ మొదటి నియమం మీద వివాదం రేగింది. అంతర్గత శక్తిలో మార్పు తెలియాలంటే వ్యవస్థకు అందిన ఉష్ణంలోంచి పనిని తీసివేయాలని ఒకడి నోట్సులో ఉంది, కలపాలని మరొకడి నోట్సులో ఉంది. నిజానికి రెండూ ఒప్పే. వ్యవస్థ చేసిన పనిని ధనాత్మకంగా తీసుకున్న పుస్తకం తీసివేస్తుంది, వ్యవస్థ మీద జరిగిన పనిని ధనాత్మకంగా తీసుకున్న పుస్తకం కలుపుతుంది. మనం ఎటు రాసుకున్నా వాయువు తన పద్ధతి మార్చుకోదు. ఒక పిస్టన్ బొమ్మ గీసి, వాయువు వ్యాకోచించి పిస్టన్‌ను నెట్టితే దాని శక్తి పెరుగుతుందా తరుగుతుందా అని ఎవరైనా అడిగి ఉంటే సంగతి అక్కడికక్కడే తేలిపోయేది. కాని 'ఎందుకు' అన్న ప్రశ్నకు తమ దగ్గర వేళ ఉండదు గనుక చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టారు. మైనస్ స్వల్ప ఆధిక్యంతో గెలిచింది. ఓడిన పక్షంవారు బహుమతానికి తలవంచి సూత్రంలో మైనస్ రాసుకున్నారు గాని, పనికి మాత్రం తమ పాత నోట్సులోని గుర్తునే ఉంచుకున్నారు. పర్యవసానంగా, ఉష్ణం రాకపోకలు లేకుండా నొక్కిన వాయువు మర్నాటి జవాబు పత్రాలలో వేడెక్కడానికి బదులు చల్లబడింది.

ఓటు వేయించడమే తప్పని నేను అనడం లేదు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1991లో తన తరగతిలో ఓట్లు వేయించడం మొదలుపెట్టారు. లెక్కకు లొంగని, ఆలోచిస్తే తప్ప తేలని ప్రశ్న ఒకటి ఇచ్చి, ఎవరి జవాబు వారు ఎంచుకున్నాక, ఇప్పుడు మీ పక్కవాడిని ఒప్పించండి అంటారు. ఆ వాదన ముగిశాక మళ్లీ ఓటు. జవాబులు చీలిన చోటే ఆ చర్చకు విలువ. తమ రాజ్యంలో రెండు ఓట్ల నడుమ జరగవలసిన ఆ కాస్త వాదన ఎగిరిపోయి, ఓటు ఒక్కటే మిగిలింది.

తమకు పూర్వులు లేకపోలేదు. 1789లో మద్రాసులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడుగా వచ్చిన ఆండ్రూ బెల్, ముందు నేర్చుకున్న పిల్లల చేత మిగిలిన పిల్లలకు పాఠం చెప్పించి, ఆ ప్రయోగాన్ని 1797లో లండన్‌లో అచ్చు వేయించాడు. 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో అది దేశదేశాలు తిరిగింది. జీతం అడగని ఉపాధ్యాయులు దొరికారన్న సంతోషం అప్పటి పెద్దలకు ఎంత ఉండేదో, మా సమన్వయకర్త ముఖంలో అప్పుడప్పుడు చూడగలుగుతున్నాను. కంఠస్థం అయినదాన్ని మరొకరి చేత కంఠస్థం చేయించడానికి తప్ప అర్థం చేయించడానికి ఆ పద్ధతి చాలదన్న విమర్శ కూడా దాని వెన్నంటే వచ్చింది. ఆ లోపాన్ని తమరు చెక్కుచెదరకుండా కాపాడుకుంటూ వస్తున్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. విద్యార్థులు తమ దగ్గరికి ఎగబడి, మా గదికి మాత్రం రాకపోవడానికి కారణం సోమరితనమని మా సమన్వయకర్త అభిప్రాయం. నేను ఒప్పుకోను. తమ దగ్గర సిగ్గు లేదు. అదే తమ బలం. ఆ రాత్రి "నాకేమీ రాదు" అనడం మర్యాద, బాగా వచ్చినవాడు కూడా రాదనే అంటాడు. అదే మాటను సెమిస్టర్ నాలుగో వారంలో, పేరు రాసుకొనే రిజిస్టర్ ఎదుట, ముక్కూముఖం తెలియని సీనియర్‌తో అనాలంటే గొంతు పెగలదు. అది చాలదన్నట్టు, మొదటి ఇంటర్నల్స్ మార్కులు రాగానే నోటీసు బోర్డులో 'బలహీన విద్యార్థుల' పట్టిక వెలుస్తుంది; కింద 'వీరు సహాయ కేంద్రమునకు తప్పక హాజరు కావలెను' అని ఉంటుంది. ఆ క్షణం నుంచి మా తలుపు తీయడమంటే ఆ పట్టిక కింద సంతకం పెట్టడమే. పట్టికలో పేరున్నవాడు అవమానమని రాడు, పేరు లేనివాడు ఉందనుకుంటారేమోనని రాడు.

ఈ ముడిని ఎప్పుడో విప్పినవారున్నారు. 1973లో మిస్సోరీ విశ్వవిద్యాలయపు కాన్సాస్ సిటీ ప్రాంగణంలో డియానా మార్టిన్ మొదలుపెట్టిన 'సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్' అనే ఏర్పాటు, వెనకబడిన విద్యార్థి ఎవరని వెతకడం మాని, విద్యార్థులను వెనక్కి నెడుతున్న కోర్సు ఏదని వెతికింది. ఏ కోర్సులో 30 శాతం లేదా అంతకు మించిన విద్యార్థులు అడుగు గ్రేడుతో గట్టెక్కడమో, తప్పడమో, మధ్యలో మానుకోవడమో జరుగుతుందో ఆ కోర్సుకే, మొదటి వారం నుంచే, అందరికీ సహాయం జతచేస్తారు. ఆ కోర్సును అంతకుముందు బాగా పూర్తిచేసిన విద్యార్థి మళ్లీ అదే తరగతిలో కూర్చుని పాఠం విని, ఆపైన వారం వారం కూటమి నడుపుతాడు. పాఠాన్ని తిరిగి చెప్పడం అతని పని కాదు. కొరత కోర్సుదని ఒప్పుకున్న చోట విద్యార్థికి తలవంపు లేదు. కాబట్టి నోటీసు బోర్డులో పెట్టవలసింది ఆ కుర్రవాళ్ల పేర్లు కావు, ఫ్లూయిడ్ మెకానిక్స్ పేరు అని మా సమన్వయకర్తకు విన్నవించాను. అలా చేస్తే డిపార్ట్‌మెంట్ నొచ్చుకుంటుందని సెలవిచ్చారు. కుర్రవాళ్ల తరఫున నొచ్చుకోవడానికి డిపార్ట్‌మెంట్ ఏదీ లేదు.

అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో గణితజ్ఞుడు యూరీ ట్రైస్మన్ కథ కూడా తమరు వినదగినదే. కాలిక్యులస్‌లో దెబ్బతింటున్న నల్లజాతి విద్యార్థులను ఆయన 1970లలో గమనిస్తే, వారిలో చాలామంది చదవక కాదు, ఒంటరిగా చదివి చెడుతున్నారని తేలింది. అదే తరగతిలో రాణిస్తున్న చైనీస్ అమెరికన్ విద్యార్థులు ఎవరి లెక్క వారు చేసుకుని, తర్వాత కలిసి కూర్చుని సరిచూసుకుంటున్నారు. దానిమీద ఆయన ఏర్పరచిన వర్క్‌షాపులు వెనకబడినవారికి అతుకులు వేసే తరగతులు కావు. మామూలు హోంవర్క్ కన్నా కఠినమైన లెక్కలు ఇచ్చి, కలిసి కుస్తీ పట్టమనేవి. అక్కడికి పిలుపు రావడం గౌరవమే. ముందు ఒంటరిగా, తర్వాత కలిసి అన్న ఆ వరుసను తమరు తలకిందులు చేశారు. తమ దగ్గర ముందు గుంపుగా కూర్చుంటారు, ఒంటరితనం మర్నాడు పరీక్ష హాలులో మొదలవుతుంది.

తమ మీద మరో ఫిర్యాదు ఉంది. ఆ రాత్రి టాపర్, డెరివేటివ్‌లున్న సమీకరణాన్ని మామూలు బీజగణితంగా మార్చే ఒకే లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్‌ను వచ్చిన గుంపుకల్లా చెబుతాడు. మొదటిసారి తడబడిన చోట రెండోసారి ఆగి ఆలోచిస్తాడు. మూడో గుంపు వచ్చేసరికి, డెరివేటివ్‌ను మార్చినప్పుడు ప్రారంభ పరిస్థితులు వాటంతట అవే సమీకరణంలోకి ఎందుకు వచ్చి కూర్చుంటాయో అతనికి మొదటిసారి నిజంగా బోధపడుతుంది. విన్నవారు గుంపులు గుంపులు, నేర్చుకున్నవాడు ఒక్కడు. ఎదుటివాడికి వివరించడంలో వివరించేవాడికి గట్టి లాభం ఉందని విద్యా పరిశోధకులు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. ఆ లాభాన్నంతా తమరు మూటగట్టి, ఇప్పటికే తొంభైలలో ఉన్నవాడికి కానుక చేస్తున్నారు. పైగా బాగా వచ్చినవాడికి తాను ఒకప్పుడు ఎక్కడ ఆగిపోయాడో గుర్తుండదు. వస్తువును విడదీసి దాని మీది బలాలను గీసే ఫ్రీ బాడీ డయాగ్రమ్‌లో ఆధారాన్ని తీసేసి దాని బదులు ప్రతిచర్యా బలాన్ని ఎందుకు గీయాలని అడిగితే, "అది అంతే కదా" అంటాడు. నన్ను అడిగితే, మెకానిక్స్ బ్యాక్‌లాగ్ పెట్టుకుని, రెండోసారి రాసి గట్టెక్కినవాడి చేతికి మార్కరు ఇవ్వాలి. ఆ గొయ్యి ఎక్కడుందో అతనికి బాగా తెలుసు. మా ఎంపిక సంఘం మాత్రం మార్కుల జాబితాను పైనుంచి కిందికే చదువుతుంది.

జ్ఞాపకం సంగతి ఎక్కువగా చెప్పను. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల వరుసలను తానే వల్లెవేసి, ఎంత వేగంగా మరచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రకటించాడు. చదివిన తొలి గంటల్లోనే ఎక్కువ భాగం జారిపోయింది. తమ దర్బారులో డెరివేషన్లను కూడా అర్థం లేని అక్షరాల వరుసలుగానే వల్లెవేస్తారు గనుక ఆయన ఫలితం తమకు సూటిగా వర్తిస్తుంది. చిక్కేమిటంటే ఇంజనీరింగ్‌లో మరచిపోయినది అక్కడితో పోదు. బలాల సమతుల్యత రానివాడు మరుసటి సెమిస్టర్‌లో దూలాన్ని వంచే బెండింగ్ మొమెంట్ దగ్గర ఆగుతాడు, అది రానివాడు ఆ తర్వాత డిజైన్ దగ్గర ఆగుతాడు. ప్రతి చోటా మళ్లీ తమ గుమ్మానికే వస్తాడు. వ్యాపారం చెడకుండా ఇంత చక్కగా చూసుకునే సంస్థను నేను మరొకదాన్ని ఎరుగను.

మా కేంద్రం మచ్చలేనిదని నేను ప్రగల్భాలు పలకను. మా దగ్గరికి వచ్చినవారికి రానివారికన్నా మంచి మార్కులు వచ్చాయని ఏటా నివేదికలో రాస్తారు. ఏ సాయంత్రమైనా లేచి మా దాకా నడిచి వచ్చే పట్టుదల ఉన్నవాడికి మేము లేకపోయినా మంచి మార్కులు వచ్చేవేమో అన్న సందేహం నివేదికలో ఉండదు. న్యూయార్క్ సిటీ కాలేజీలో 1990లలో రసాయనశాస్త్రం కోసం రూపొందిన తోటి విద్యార్థుల కూటమి పద్ధతిలో ఆరుగురో ఎనమండుగురో ఒక సీనియర్‌తో కూర్చుంటారు, జవాబుల పట్టిక మాత్రం ఎవరికీ ఇవ్వరు. జవాబు సరైనదని గుంపు తనంతట తాను నమ్మకం కుదుర్చుకోవాలి. ఈ సంగతి మా సమావేశంలో చెప్పినప్పుడు, అయితే ఆ జవాబుల పట్టిక కేంద్రం బీరువాలో భద్రపరుద్దామని తీర్మానించారు.

తమరు రద్దు కావాలని నేను కోరడం లేదు. కోరినా అయ్యే పని కాదు. పరీక్ష ఉన్నంతకాలం దానికి ముందు ఒక రాత్రి ఉండక తప్పదు. వచ్చే సెమిస్టర్ నుంచి మా గది తలుపు మీద 'సహాయం' అన్న మాట ఉండదు, రిజిస్టర్ ఉండదు. ఆ వారం క్లాసులో అందరినీ తికమకపెట్టిన లెక్క ఒకటి బల్ల మీద ఉంటుంది. పోయిన ఏడాది అదే లెక్కలో తప్పినవాడు పక్కన నిలబడతాడు, జవాబు అతని దగ్గరా ఉండదు. తమ నుంచి కోరేది రెండే. తమ దగ్గర ఊరికే పడి ఉన్న ఆ సిగ్గులేనితనంలో కొంత, నాలుగో వారంలోనే మాకు అప్పుగా ఇప్పించండి. తమ టాపర్‌ను కూడా ఒక సాయంత్రం మా గదికి పంపించండి. అతను చెప్పనక్కరలేదు, వెనక బెంచీలో కూర్చుని వింటే చాలు.

ఇట్లు,
తమ విధేయుడు,
మార్కరు మూత తీయడానికి సిద్ధంగా ఉన్న ఒక సీనియర్