650 సీసీ బండి, అంగుళం తక్కువ కాలు

ఉద్యోగం పేరుతో థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ చేరిన తెలుగువాడికి రెండో నెల జీతం పడగానే జ్ఞానోదయం అవుతుంది: మే హాంగ్ సాన్ లూప్ కొట్టాలి. కొండల్లో 600 కిలోమీటర్ల చుట్టు, 1,864 మలుపులు. ఆ అంకె టీషర్టుల మీద అచ్చేసి మరీ అమ్ముతారు కాబట్టి అనుమానించే హక్కు మనకు లేదు. ఇన్ని మలుపులు తిరగాలంటే 650 సీసీ ఉండి తీరాలి. అదే ఘాట్ మీద హోండా వేవ్ అనే బుల్లి బండికి కూరగాయల బుట్టలు కట్టుకుని, హవాయి చెప్పులతో దూసుకుపోయే పెద్దమ్మలకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

వేవ్ మీద నాకు తాత్వికమైన అభ్యంతరాలున్నాయి. బరువు ఓ వంద కిలోలు. క్లచ్ లీవరు లేదు, కాలితో నొక్కితే గేరు పడుతుంది. కూర్చుంటే రెండు పాదాలూ నిండుగా నేలకి ఆనుతాయి. ఇక సాహసానికి చోటేదీ? నా బండి రెండొందల కిలోల పైమాటే, సీటు ఎత్తు 84 సెంటీమీటర్లు. సిగ్నల్ దగ్గర ఎడమ బొటనవేలు ఒక్కటే నేలను తాకుతుంది, అదీ రోడ్డు సహకరిస్తే. ఓసారి బంకులో ‘తెమ్ థాంగ్’ అని, అంటే ఫుల్ ట్యాంకని దర్జాగా చెప్పి, ఎడమవైపుకి మెల్లగా, ఎంతో హుందాగా పడిపోయాను. పెట్రోలు కొట్టే అమ్మాయి ముందు నాకు దణ్ణం పెట్టి, తర్వాత బండి లేపడానికి ముగ్గుర్ని పిలిచింది.

అసలు నేను బండిని ఎంచుకున్న పద్ధతి శాస్త్రీయమైనది. దాని గ్రీన్ బుక్‌లో, అంటే ఇక్కడి ఆర్సీ పుస్తకంలో, సంవత్సరం 2565 అని ఉంది. బుద్ధ శకం, 543 తీసేస్తే మన 2022. ఈ దేశంలో అన్నిటికన్నా ఎత్తైన దోయ్ ఇంథనాన్ శిఖరం కూడా సరిగ్గా 2,565 మీటర్లే! ఇంకా ఇంజన్ చప్పుడు వినడం దేనికి? సెకండ్‌హ్యాండ్‌లో కొనేశాను. గుళ్లో భిక్షువు చేత హెడ్‌లైట్ పైన తెల్లచుక్కలు పెట్టించాను. మన అలవాటు కొద్దీ నిమ్మకాయలూ తొక్కించాను. ఇక్కడి నిమ్మకాయలు మరీ గోళీకాయలంత, ఈ బరువుకి చాలినట్టు లేవు.

ఎందుకంటే నెల తిరక్కుండానే గేరు వేయగానే ఇంజన్ ఆగిపోవడం మొదలైంది.

వేవ్‌వాళ్లకి ఇలాంటివొస్తే సందు మొదట్లో రేకుల షెడ్డు, ప్లాస్టిక్ కుర్చీ, దాని కింద నిద్రపోతున్న కుక్క. పది నిమిషాల్లో ఆయిల్ మార్చి, చైన్ బిగించి పంపేస్తారు. మర్యాదా మన్ననా ఏముంది అందులో? నన్ను మాత్రం షోరూములో ఏసీలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కంప్యూటర్ బాక్సు పోయింది, బ్యాంకాక్ నుంచి రావాలన్నారు. మూడు వారాల తర్వాత బండి అద్దంలా మెరుస్తూ వచ్చింది. బిల్లు రెండు పేజీలు. ఫైలు కట్టి దాచుకున్నాను.

ఆ ధీమాతో లూప్‌కి బయల్దేరితే, పాయ్ అనే ఊరు దాటాక ఎత్తులో మళ్లీ అదే జబ్బు. థాయ్‌లో మెకానిక్‌ని ‘చాంగ్’ అంటారు. ఏనుగునీ ‘చాంగ్’ అనే అంటారు. తేడా అంతా గొంతు ఎక్కడ లేపాం, ఎక్కడ దించాం అన్నదాంట్లో ఉంది. దారినపోయే ముసలాయన్ని ఆపి, చేతులు జోడించి, “చాంగ్, చాంగ్” అని బతిమాలాను. ఆయన నన్నూ బండినీ జాలిగా చూసి, ఏనుగుల క్యాంపు ఎనిమిది కిలోమీటర్లని వేళ్లు చూపించాడు.

చివరికి అసలు చాంగ్ వచ్చాడు, వేవ్ మీదే. వంగి, సైడ్ స్టాండ్ దగ్గరున్న బుల్లి స్విచ్చులో గట్టిపడిన బురదని స్క్రూడ్రైవర్‌తో గీకి, చొక్కా అంచుతో తుడిచాడు. గేరు వేశాను. ఆగలేదు. నలభై బాట్లు తీసుకున్నాడు.

వెళ్లబోతూ బండి ఎంతకి కొన్నావని సైగ చేశాడు. ఫోన్‌లో అంకెలు నొక్కి చూపించాను. కాసేపు ఆలోచించి, జేబులోంచి ఆ నలభై బాట్లు తీసి నా చేతిలో పెట్టేశాడు.