సారాగఢీ సిపాయిలకు అబద్ధపు కిరీటాలు అక్కర్లేదు

సెప్టెంబర్ 12 దగ్గర పడుతుంటే వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. తెలుగులోనూ వస్తుంది. దాని సారాంశం ఇది: 1897లో భారతదేశం మీదికి దండెత్తిన 10,000 మంది ఆఫ్ఘన్ సైన్యాన్ని సారాగఢీ కోటలో 21 మంది సిక్కులు అడ్డుకున్నారు, 600 మందిని చంపి ప్రాణాలు విడిచారు. వార్త వినగానే బ్రిటిష్ పార్లమెంటు లేచి నిలబడింది, అందరికీ బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ ఇచ్చారు, ప్రపంచంలోని ఎనిమిది గొప్ప పోరాటాల్లో ఇదొకటని యునెస్కో ప్రకటించింది. మన చరిత్రకారులు మాత్రం దాచేశారు, కాబట్టి షేర్ చేయండి.

ఇప్పటి పాకిస్తాన్ వాయవ్య కొండల్లోని సారాగఢీలో, బ్రిటిష్ సైన్యంలోని 21 మంది సిపాయిలు లొంగకుండా చివరిదాకా పోరాడి చనిపోయారన్నది అక్షరాలా నిజం. దాని చుట్టూ అల్లిన మాటల్లో చాలావరకు తప్పులు. ఆ సిపాయిల మీద గౌరవం ఉంది కాబట్టే వాటిని వదిలేయబుద్ధి కావడం లేదు.

యునెస్కో సంగతి ముందు తేల్చేద్దాం. ఆ సంస్థ వారసత్వ కట్టడాలకు, కళలకు, పాత రాతప్రతులకు జాబితాలు తయారుచేస్తుంది. యుద్ధాలకు ర్యాంకులు ఇవ్వదు. ఎనిమిది పోరాటాల జాబితా అంటూ ఏదీ లేదు.

పార్లమెంటు కథ తేదీల దగ్గరే ఆగిపోతుంది. ఆ ఏడాది సమావేశాలు ఆగస్టు మొదట్లోనే ముగిశాయి. సభ మళ్లీ కూడింది 1898 ఫిబ్రవరిలో. సెప్టెంబర్‌లో వార్త లండన్ చేరేసరికి లేచి నిలబడడానికి సభలో సభ్యులే లేరు.

పతకం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అబద్ధం ఒక అన్యాయాన్ని కప్పేస్తోంది. ఆ 21 మందికీ వచ్చింది ఆర్డర్ ఆఫ్ మెరిట్, అందులోనూ మూడో తరగతి. 1837లో ఈస్టిండియా కంపెనీ మొదలుపెట్టిన ఈ పతకానికే తర్వాత ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ అని పేరు మారింది. భారతీయ సిపాయి అందుకోగలిగిన అత్యున్నత శౌర్య పతకం అప్పటికి అదే. విక్టోరియా క్రాస్ వాళ్లకు రాలేదు, రావడానికి వీల్లేదు. 1911 దాకా భారతీయ సిపాయిలకు ఆ పతకానికి అర్హతే లేదు. అదే కొండల్లో, అదే ఏడాది పోరాడిన బ్రిటిష్ సైనికులకు మాత్రం ఆ అర్హత ఉంది. "అందరికీ విక్టోరియా క్రాస్ ఇచ్చారు" అని రాస్తే, సామ్రాజ్యం తన సిపాయిల మధ్య గీసిన గీతను మనమే చెరిపేసినట్టు అవుతుంది.

ఇక "సారాగఢీ కోట". అది కోట కాదు. ఈ ఒక్క తప్పు సరిచేస్తే ఆ రోజు ఏం జరిగిందో బాగా అర్థమవుతుంది. సమానా కొండల వరుస మీద బ్రిటిష్ వాళ్లు 1891లో అక్కడి తెగల మీద చేసిన దాడుల తర్వాత కోటలు కట్టారు. తూర్పున లాక్‌హార్ట్ కోట, పడమర గులిస్తాన్ కోట. మధ్యలో కొండ అడ్డు రావడంతో ఒక కోట నుంచి ఇంకో కోట కనబడదు. రెండూ కనబడే మిట్ట మీద రాతిగోడలతో చిన్న పోస్టు ఒకటి కట్టారు. దాని పని కబుర్లు అందించడం. హీలియోగ్రాఫ్ అనే పరికరంలో అద్దం మీద పడ్డ ఎండను తళుక్కుమనిపిస్తూ, మోర్స్ కోడ్‌లో ఒక కోట మాటను ఇంకో కోటకు చేరవేసేవాళ్లు. సారాగఢీ పడిపోతే రెండు కోటలకూ మాటలు తెగిపోతాయి. ఎదుటివాళ్లు దాన్ని ఎంచుకున్నది అందుకే.

ఆ రోజు 36వ సిక్కు రెజిమెంట్‌కు చెందిన హవల్దార్ ఈశర్ సింగ్ పోస్టుకు నాయకుడు. కబుర్లు పంపింది గుర్ముఖ్ సింగ్. ఉదయం తొమ్మిది ప్రాంతంలో దాడి మొదలవుతోందని లాక్‌హార్ట్ కోటకు తెలిపాడు. వెంటనే సాయం పంపలేనని ఆ కోటలో ఉన్న రెజిమెంట్ అధికారి కల్నల్ హాటన్ జవాబిచ్చాడు. కోట బయటికి వచ్చి దారి చేసుకోవాలని చూసినా, మధ్యలో వేలమంది ఉండడంతో సాగలేదు. సిపాయిల చేతుల్లో ఉన్నవి మార్టినీ-హెన్రీ తుపాకులు, ఒక్కో గుండుకూ మళ్లీ నింపుకోవాలి. రెండు సార్లు మీదికి వచ్చినవాళ్లను వెనక్కి తరిమారు. అప్పుడు దాడిచేసేవాళ్లు పొదలకు నిప్పంటించి, ఆ పొగ మాటున గోడ మూలకు చేరారు. లోపలి తుపాకులకు అందని మూల అది. అక్కడ గోడ కింద తవ్వడం మొదలుపెట్టారు. గులిస్తాన్ నుంచి మేజర్ డె వో ఇది చూసి హెచ్చరించబోయాడు. పోరులో మునిగి ఉన్నవాళ్లు ఆ సంకేతం గమనించలేదు. మధ్యాహ్నం మూడు దాటాక గోడ కూలింది. తుపాకీ పట్టడానికి అనుమతి ఇమ్మన్నదే గుర్ముఖ్ సింగ్ ఆఖరి కబురు. అనుమతి వచ్చాక పరికరాన్ని సర్దేసి తుపాకీ అందుకున్నాడు.

ఇంత వివరంగా ఈ కథ మనకు తెలియడానికి కారణం ఆ అద్దమే. లోపల ఉన్న సిపాయిల్లో బతికి బయటపడ్డవాడు లేడు. మెసేజ్‌లో యునెస్కోకు చోటు దొరికింది, గుర్ముఖ్ సింగ్‌కు దొరకలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

సంఖ్యల దగ్గరా జాగ్రత్త కావాలి. పదివేలు అన్నది దూరం నుంచి జెండాలు చూసి వేసిన అంచనా. ఆ కొండ వరుస మీదికి వచ్చిన మొత్తం జనాన్ని లెక్కపెట్టినా, అందరూ ఒకేసారి ఒక చిన్న పోస్టు గోడ మీద పడలేరు. కొందరు గులిస్తాన్‌ను చుట్టుముట్టారు, కొందరు లాక్‌హార్ట్ దారి కాశారు. పోస్టు దగ్గర తమవాళ్లు 180 మంది దాకా పోయారని తర్వాత దాడిచేసిన పఠాన్ తెగలవాళ్లు ఒప్పుకున్నారని బ్రిటిష్ రికార్డుల మాట. 600 అన్న లెక్కలో ఆ తర్వాత ఫిరంగి దెబ్బలకు చనిపోయినవాళ్లు కూడా కలిసిపోయారు. 21 మంది దాదాపు ఆరు గంటల పాటు వేలమందిని ఆపారంటే చాలదా? ఆ ఆరు గంటల వల్లే గులిస్తాన్ మీద పూర్తి బలంతో దాడి ఆలస్యమైంది. సెప్టెంబర్ 14న సాయం అందేదాకా ఆ కోట నిలబడింది.

ఇక మెసేజ్‌లోని అసలు తప్పు, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది: "దండెత్తిన ఆఫ్ఘన్ సైన్యం". వచ్చింది కాబూల్ సైన్యం కాదు. ఒరక్‌జాయ్, అఫ్రీదీ తెగల పఠాన్లు. సమానా కొండలు ఒరక్‌జాయ్‌ల గడప. 1893లో బ్రిటిష్ ఇండియాకూ ఆఫ్ఘనిస్తాన్‌కూ మధ్య సరిహద్దుగా డ్యూరాండ్ గీత గీశాక, తమ నెత్తి మీద కోటలు, రోడ్లు లేవడం చూశాక 1897 వేసవిలో సరిహద్దు పొడవునా తెగలు తిరగబడ్డాయి. జులైలో మలాకండ్, ఆగస్టులో ఖైబర్, ఆ తర్వాతే సమానా. దీన్ని దేశం మీద దండయాత్ర అంటే, బ్రిటిష్ కోటను మన ఇల్లు అన్నట్టే.

అలాగని ఆ సిపాయిల తెగువ తగ్గిపోదు. వాళ్లు జీతానికి పనిచేసే సైనికులు. తోటివాళ్లను వదిలి వెళ్లలేదు, తమ మీద పెట్టిన పనిని వదల్లేదు. ఎదుటివాళ్లు కూడా తమ కొండల కోసం ప్రాణాలకు తెగించి వచ్చినవాళ్లే. రెండూ ఒకేసారి నిజం.

ఈ మధ్య కొన్ని రూపాల్లో ఇది సిక్కులకూ ముస్లింలకూ జరిగిన మతయుద్ధంగా మారుతోంది. సారాగఢీకి మూడు వారాల ముందు ఖైబర్ కనుమలోని లండీ కోటల్ దగ్గర ఏం జరిగిందో చూడండి. ఖైబర్ రైఫిల్స్ అనే బ్రిటిష్ దళంలోని ముస్లిం సిపాయిలు, అఫ్రీదీలతో సహా, బ్రిటిష్ కోటను కాపాడుతూ తమ తెగవాళ్ల మీదే కాల్పులు జరిపారు. ఆ పోరులో సుబేదార్ ముర్సిల్ ఖాన్ చనిపోయాడు. మతం గీసిన రెండు వరుసలు కావివి.

"దాచేశారు" అన్న ఆరోపణ కూడా నిలవదు. అలహాబాద్ నుంచి వచ్చే పయొనీర్ పత్రిక అప్పట్లోనే చందాలు పోగుచేసింది. అమృత్‌సర్‌లో, ఫిరోజ్‌పూర్‌లో స్మారక గురుద్వారాలు లేచాయి. ఫిరోజ్‌పూర్ గురుద్వారా తెరుచుకుని నూరేళ్లు దాటింది. 2017లో పంజాబ్ ప్రభుత్వం సెప్టెంబర్ 12న సెలవు ప్రకటించింది. 2021లో ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్ దగ్గర ఈశర్ సింగ్ విగ్రహం పెట్టారు.

మరుగున పడ్డవాళ్లు వేరే ఉన్నారు. పోస్టులో ఆ రోజు సిపాయి కాని పనివాడు ఒకడు కూడా చనిపోయాడు, అతని పేరు దాద్ అని రాస్తారు. సైనికుడు కాడు కాబట్టి పతకం రాలేదు, 21 అన్న లెక్కలోకీ రాలేదు. అక్టోబర్‌లో జనరల్ లాక్‌హార్ట్ 30,000 దాటిన సైన్యంతో ఆ పఠాన్ తెగలుండే తీరా లోయల్లోకి వెళ్లి గ్రామాలు తగలబెట్టించాడు. చలికాలం ముందు ఇల్లూ ధాన్యమూ పోయిన ఒరక్‌జాయ్, అఫ్రీదీ కుటుంబాల గురించి మాత్రం ఏ మెసేజూ రాదు.