అడుగున గీత, నెత్తిన దీర్ఘం

పదహారేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నందుకు నిన్న మా ప్రచురణ విభాగంలో నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. దాని ప్రూఫు కూడా నా బల్ల మీదికే వచ్చింది. "మీదే కదా, మీరే చూసేయండి" అన్నారు మేనేజరు గారు. చూశాను, సంతకం పెట్టి పంపేశాను.

సభలో ఆయన మైకు ముందు నిలబడి గంభీరంగా చదివారు: "వృత్తిలో చూపిన శ్రాద్ధకు గుర్తింపుగా..."

ఇక్కడ కాస్త ఆగాలి. శ్రద్ధ అనే మాటను చాలామంది 'శ్రద్ద' అని రాసి చేతులు దులుపుకుంటారు. దకారం కింద ఉండాల్సింది ధకారపు ఒత్తు, దానికో చిన్న గీత. ఆ గీత కోసం నేను చేసిన యుద్ధాలకు లెక్కలేదు (యుద్ధానికీ అదే గీత, బుద్ధికీ అదే గీత, రెండూ లేనివాళ్లే ఎక్కువగా కంపోజింగుకు వస్తారు). అందుకే ప్రూఫు చేతికి రాగానే నా కళ్లు నేరుగా ఆ మాట అడుగుకు దిగాయి. గీత ఉంది! కంపోజు చేసిన కుర్రాడిని మనసులోనే మెచ్చుకున్నాను. అడుగు చూసి మురిసిపోతున్నవాణ్ణి, నెత్తిన తలకట్టు ఉండాల్సిన చోట దీర్ఘం తిష్ఠ వేసిన సంగతి గమనించలేదు. కంప్యూటర్లలో అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన స్థానాలు 128. వాటిలో ఒకే ఒక్క గుర్తు అదనంగా దూరి, నా పదహారేళ్ల శ్రద్ధను పోయినవాళ్లకు పెట్టేదిగా మార్చేసింది. నిజం చెప్పాలంటే ఆ కాగితంలో నేను మూడుసార్లు చదివింది నా పేరు ఒక్కటే.

ముందు వరుసలో ఎవరో దగ్గారు. అది దగ్గు కాదు.

మేనేజరు గారికి మాత్రం ఏమీ అనిపించలేదు. కాగితం మీద ఏముంటే అది చదవడం ఆయన పద్ధతి. ఒకసారి ఉపన్యాసం ప్రతిలో నేను పక్కన రాసిన 'ఈ వాక్యం అనవసరం' అన్న మాటను కూడా భావయుక్తంగా చదివేశారు, చప్పట్లు కూడా పడ్డాయి.

సభ అయ్యాక ఆయనకు తప్పు చూపించాను. "ఒక్క దీర్ఘమే కదండీ, ఎవరు చూస్తారు?" అన్నారు. అది చూడడానికే కదా నాకు జీతం ఇస్తున్నారు అని గట్టిగా అనబోయి, ప్రూఫు కింద ఉన్న నా సంతకం గుర్తొచ్చి మంచినీళ్లు తాగాను.

మళ్లీ అచ్చు వేయడం కుదరదట. పటం కట్టించి మెట్ల పక్కన గోడకు తగిలించారు. దీర్ఘం ఉన్న చోట గాజు మీద తెల్ల స్టిక్కరు అంటించాను. ఉదయం నుంచి రెండుసార్లు ఊడింది.